కత్తెర ఎవరి ఆస్తి?

చిట్యాల చుట్టుపక్కల ఊళ్ళలో అమ్మమ్మ దబ్బనం, అమ్మ కత్తెర, పెళ్ళినాడు పుట్టింటివాళ్ళు పెట్టిన కుట్టుమిషను ఆడవాళ్ళ చేతుల మీదుగానే తరం మారుతుంటాయి. పాత చీరలు మడతలేసి బొంత కుట్టే పనితనం కూడా వాటి వెంటే వస్తుంది. ఈ వస్తువుల్ని 'అపురూపమైన జ్ఞాపకాలు' అని మురిసిపోవడం ఇటీవల ఎక్కువైంది. ఈ మురిపెం మీద నాకు గట్టి అభ్యంతరమే ఉంది.

తాత నాగలి, నాన్న మగ్గం కొడుక్కి వస్తే వారసత్వమంటాం, పంపకాల కాగితంలో రాస్తాం. అమ్మ కత్తెర కూతురికి వస్తే గుర్తు అంటాం. మొదటిది ఉత్పత్తి సాధనం, రెండోది మమకారం! 1946-51 మధ్య భూమి కోసం సాయుధంగా పోరాడిన నల్లగొండ జిల్లాకు ఆస్తి అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. స్త్రీ పనిముట్టు దగ్గరికి వచ్చేసరికే ఆ మాట నోరు దాటదు. (సూది కోసం సోదికెళితే పాత రంకు బయటపడిందని సామెత. సూది పోతే ఆమె పని ఆగిపోతుందన్న సంగతి ఆ సామెత పుట్టించినవాళ్ళకు పట్టలేదు.)

ఈ తేడా మాటల్లోనే ఉంటే ఇంత రాయనక్కరలేదు. కాపురం చెడి పుట్టింటికి చేరిన స్త్రీ తరఫున బంగారం అడుగుతాం, కట్నం అడుగుతాం. రేపటి నుంచి ఆమెకూ పిల్లలకూ అన్నం పెట్టగల మిషను మాత్రం అత్తింట్లోనే ఉండిపోతుంది. చట్టమే ఇంతకంటే నయం. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ స్త్రీకి కానుకగా వచ్చినదాన్నే కాక, ఆమె తన నైపుణ్యంతో, శ్రమతో సంపాదించుకున్నదాన్ని కూడా పూర్తిగా ఆమె సొత్తే అంది. స్త్రీధనం తిరిగివ్వని భర్త, అత్తమామల మీద నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు పెట్టవచ్చని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప 1956 చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. అంటే తండాలో అద్దాలు పొదిగి కుట్టే లంబాడీ స్త్రీకి ఈ సెక్షన్ అండ లేదు. ఉద్యమం దీన్ని గురించి మాట్లాడింది చాలా తక్కువ.

అప్పు విషయమూ అంతే. కోర్టు డిక్రీ ఇచ్చినా చేతివృత్తులవారి పనిముట్లను జప్తు చెయ్యకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతోంది. కానీ 'ఇంట్లో ఊరికే ఏదో కుడుతుంటాను' అనే స్త్రీని చేతివృత్తిదారుగా ఎవరు లెక్కేస్తారు? 2023లో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకం దర్జీ పనిని 18 వృత్తుల్లో ఒకటిగా చేర్చి, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం పెట్టింది. అదీ కుటుంబంలో ఒక్కరికే. భర్త తాపీమేస్త్రీగా ముందే పేరు రాయించుకుంటే భార్య కుట్టుపని లెక్కలోకి రాదు.

పెళ్ళి కానుకల జాబితా రాసి వధూవరుల సంతకాలు పెట్టించాలని 1985 నాటి కట్న నిషేధ నియమాలు చెప్పాయి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు అందులో ఉండాలి. మన సంఘాలు ఊళ్ళలో ఈ జాబితాలు రాయించాలి. వాటిలో కుట్టుమిషను, కత్తెర, ఇస్త్రీపెట్టె 'ఆమె పనిముట్లు' అనే మాట కిందే ఎక్కాలి. మిషను మీద నంబరు ఉంటుంది, అది కూడా రాయించండి.