పట్టాలు పఱచినంతనే పట్టణ మగునా?

రైలు వచ్చిన చోట పట్టణము వెలయునని మనలో పెక్కుర నమ్మకము. యంత్రశాల వెలసిన చోట భాగ్యము వెలయునని మఱియొక నమ్మకము. ఈ రెండును సగము సత్యములే యని నా యభిప్రాయము. మిగిలిన సగము తెలియవలెనన్న స్వీడను దేశపు రాజధాని స్టాక్‌హోము చెంతనున్న సుండ్‌బీబెర్గు అను చిన్న పట్టణపు చరిత్రము చూడదగినది.

పూర్వ మది సేద్యపు భూమి. 1876వ సంవత్సరమున స్టాక్‌హోమునుండి వెస్టెరోసునకు రైలుమార్గ మేర్పడి, ఈ భూమి మీదుగా సాగెను. భూస్వామి యగు ఆండర్స్ పెటర్ లోఫ్‌స్ట్రోము తన నేలను చిన్న చిన్న నివేశనములుగా విభజించి విక్రయించెను. నగరము చేరువ, నేల వెల స్వల్పము, నగరపు గృహనిర్మాణ నిబంధనలు అచటికి వర్తింపవు. కావున కూలివారును, చేతిపనివారును వచ్చి యిండ్లు కట్టుకొనిరి. పనివారున్న చోటికి, సరకు దింపుటకు స్టేషనున్న చోటికి, యంత్రశాలలు తామే వచ్చును గదా!

1888న మాక్స్ సీవెర్టు విద్యుత్తీగల కర్మాగారమును స్థాపించెను. 1916న మరాబూ అను చాకొలెట్టు కంపెనీ యేర్పడెను. యుద్ధకాలమున ముడిసరకు దొరకకపోవుటచే 1919న గాని తయారు మొదలు కాలేదు. కోకో గింజ స్వీడనులో పండదు. సముద్రము దాటి వచ్చిన గింజ యొక పల్లెపొలమున మిఠాయి యగుట వర్తకమార్గముల మహిమయే. దీనిని నేను కాదనను.

అయినను ఒక ప్రశ్న. తొందరలో కట్టిన యిండ్ల నడుమ వీథి వేయువా రెవరు? మంచినీరు, పాఠశాల, అగ్నిభయము - వీని భార మెవరిది? రైలువారు బండి నడుపుదురు. యజమాని కూలి యిచ్చును. ఊరిని నడుపుట వారి పని కాదు. ఆ పని ప్రజలే చేసికొనవలెను. తీగల కర్మాగారము పుట్టిన ఆ 1888వ సంవత్సరముననే సుండ్‌బీబెర్గు బ్రొమ్మా నుండి విడివడి స్వపరిపాలన గల పురమయ్యెను. 1927న నగరహోదా నొందెను. నా దృష్టిలో పట్టణము పుట్టినది 1876న గాదు, 1888న.

యజమానులు మేలు చేయలేదా యని కొందఱడుగవచ్చును. చేసిరి. మరాబూవారు తమ పనివారి విశ్రాంతికై చక్కని తోట నిర్మించిరి. కాని 1970వ దశకమున చాకొలెట్టు తయారు వేఱొక యూరికి తరలిపోయెను. తోట మాత్రము నిలిచి, నేడు సర్వజనులకును తెఱచియున్నది. అందొక చిత్రశాలయు గలదు. వచ్చిన కర్మాగారము పోవచ్చును. ప్రజల సొత్తైనది మిగులును.

రైలు చేసిన కీడును మఱువరాదు. ఊరికి ప్రాణమిచ్చిన పట్టాలే ఊరిని రెండుగా చీల్చినవి. నేడు రెండు దారులను నాలుగు గావించి, పట్టణమధ్యమున వానిని భూగర్భమునకు దింపు కార్యము చేపట్టబడినది. దాదాపు తొమ్మిది చదరపు కిలోమీటర్ల నేలపై యేబదివేలకు పైగా జనులు నివసించు ఆ పట్టణమున, పైన మిగులు ప్రతి గజమును విలువైనదే. తొలినాడు చవుకగా కుదిరిన దానిని సరిదిద్దుటకు మనుమల మనుమలు వెలయిచ్చుచున్నారు.

ప్రియ విద్యార్థులారా! మీ యూరికి క్రొత్త మార్గమో, క్రొత్త కర్మాగారమో వచ్చుచున్నదని విన్నప్పుడు సంతోషింపుడు. వెంటనే యిట్లు ప్రశ్నింపుడు: వీథి యెచ్చట? నీ రెచ్చట? పిల్లల బడి యెచ్చట? తుదకు ఊరివారికి మిగులున దేమి? ఈ ప్రశ్నలు ముందుగా నడిగిన యూరు పట్టణ మగును. అడుగని యూరు బండి యాగిపోవు తావుగనే యుండును.