పద్దు ఎవరిదైనా పిల్ల ఒక్కరే

ఆదివాసీ రిజర్వుల వెలుపలి బడుల్లో చదివే ఫస్ట్ నేషన్స్ (ఆదివాసీ తెగల) పిల్లలకు 'జోర్డాన్ సూత్రం' (ముందు పిల్లకు సేవ, ఖర్చు ఎవరిదో తర్వాత) కింద అందే తోడ్పాటును కెనడా ఫెడరల్ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో కుదించి, ఆ భారాన్ని ప్రావిన్సుల స్కూలు బోర్డుల మీదికి నెట్టడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. ఆ సూత్రం పుట్టిందే ఇలాంటి నెట్టివేత వల్ల. నార్వే హౌస్ క్రీ తెగకు చెందిన జోర్డాన్ అనే బాలుడికి ఇంటి దగ్గర చికిత్స ఖర్చు ఫెడరల్, ప్రావిన్సు ప్రభుత్వాల్లో ఎవరు భరించాలన్న తగవు రెండేళ్లకు పైగా తెగలేదు. ఆ పసివాడు ఇల్లు చూడకుండానే అయిదేళ్ల వయసులో, 2005లో, ఆస్పత్రిలోనే కన్నుమూశాడు. ఇప్పుడూ అంతే: తోడ్పాటు కుదించి తరగతిలో పక్కన కూర్చుని పెన్సిల్ పట్టించే సహాయకురాలిని తీసేస్తే ఆ లోటు ఏ బోర్డు పద్దులోనూ కనిపించదు, పిల్ల హాజరు పట్టీలో కనిపిస్తుంది. రిజర్వుల వెలుపల, నగరాల్లో బతికేవారు కొద్దిమంది కాదు: 2021 జనగణన నాటికి ఒక్క విన్నిపెగ్ మహానగర ప్రాంతంలోనే లక్షకు పైగా ఆదివాసులున్నారు. ఇలాంటి నగరాల్లో వేడి సూప్ మొదలు అద్దె ఇంటి దరఖాస్తు దాకా చూసుకుంటూ వారిని నిలబెట్టినవి దశాబ్దాలుగా వారే నడుపుకుంటున్న ఫ్రెండ్‌షిప్ సెంటర్లు. ఆ నిబ్బరాన్ని నాయకులు ఉదారంగా కొనియాడతారు. పొగడ్తకు బడ్జెట్ అక్కర్లేదు కదా! మెటీలు (ఆదివాసీ-యూరోపియన్ మిశ్రమ వారసత్వం గలవారు), చట్టపరమైన హోదా లేని ఆదివాసులు సైతం ఫెడరల్ పరిధిలోని వారేనని సుప్రీంకోర్టు 2016లోనే తేల్చాక, చిరునామాను బట్టి బాధ్యతను కొలవడం తప్పించుకునే ఎత్తుగడే అవుతుంది. ఫిబ్రవరి ఆంక్షలను వెంటనే ఉపసంహరించాలి. ముందు పిల్లకు సేవ అందించి, ఖర్చు వాటాలను ప్రభుత్వాలు తర్వాత తేల్చుకోవాలి. ఫ్రెండ్‌షిప్ సెంటర్లకు ఏటేటా చేయి చాచే అవస్థ లేకుండా అయిదారేళ్ల నిధులకు ఒకేసారి హామీ ఇవ్వాలి.