ఎన్నిసార్లు వెంటపడితే నేరం?

దొంగతనానికి ఒక రోజు, ఒక సమయం ఉంటాయి. వెంటపడి వేధించడానికి అలాంటివేమీ ఉండవు. ఒక ఫోన్ కాల్, ఒక ఉత్తరం, ఇంటి సందు చివర ఎదురుచూపు- విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ నేరమనిపించదు. అన్నీ కలిస్తేనే భయం. స్టాకింగ్‌ను లెక్కించే పరిశోధకులకు ఎదురయ్యే చిక్కు ఇదే. ఎన్నిసార్లు, ఎన్నాళ్లు, ఎంత భయం?

నటి రెబెకా షేఫర్‌ను వెంటాడిన అభిమానే 1989లో కాల్చి చంపాక, 1990లో కాలిఫోర్నియా అమెరికాలోనే తొలి స్టాకింగ్ నిరోధక చట్టం చేసింది. లెక్కలు ఆ తర్వాతే మొదలయ్యాయి. 1995-96లో జరిగిన జాతీయ సర్వేలో 8,000 మంది మహిళలను, 8,000 మంది పురుషులను ఫోన్‌లో ప్రశ్నించారు. జీవితంలో ఎప్పుడైనా వేధింపునకు గురై తీవ్రంగా భయపడ్డవారినే లెక్కిస్తే మహిళల్లో 8 శాతం, పురుషుల్లో 2 శాతం తేలారు. కాస్తోకూస్తో భయపడ్డవారినీ చేరిస్తే అవే అంకెలు 12, 4 శాతానికి పెరిగాయి. మారింది నేరం కాదు, నిర్వచనం.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో రోజ్‌మేరీ పర్సెల్ బృందం కాలాన్ని కొలబద్దగా తీసుకుంది. 2004లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం గీత రెండు వారాలు. అది దాటిన వేధింపు నెలల తరబడి సాగే ప్రమాదం ఎక్కువ. పోలీసులకైనా, బాధితులకైనా ఇది పనికొచ్చే హెచ్చరిక.

భారత చట్టం మరో దారి పట్టింది. జస్టిస్ వర్మ కమిటీ నివేదిక తర్వాత 2013లో ఐపీసీలో 354డి సెక్షన్ చేరింది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. ఇక్కడ గీటురాయి భయం కాదు, నిరాకరణ. మహిళ ఇష్టం లేదని స్పష్టం చేశాక కూడా పురుషుడు పదేపదే వెంటపడితే నేరమే. ఆమె ఇంటర్నెట్, ఈ-మెయిల్ వాడకంపై నిఘా పెట్టినా అంతే. తాను ఎంత వణికిపోయిందో ఆమె రుజువు చేయనక్కర్లేదు.

లొసుగు గణాంకాల్లో ఉంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కించేది పోలీసు స్టేషన్ దాకా వచ్చిన కేసులనే. ఒకే కేసులో పలు నేరాలుంటే అత్యంత తీవ్రమైనదే పట్టికకెక్కుతుంది. అంటే వెంటపడటం హత్యతో ముగిస్తే అది హత్యల ఖాతాలోకే వెళ్తుంది. 1996లో ఢిల్లీలో హత్యకు గురైన లా విద్యార్థిని ప్రియదర్శిని మట్టూ అంతకుముందు పోలీసులకు పలుమార్లు ఫిర్యాదు చేసింది. అప్పుడు ఆ నేరానికి చట్టంలో పేరే లేదు. ఇప్పుడు పేరుంది. కానీ అలాంటి కేసు మళ్లీ జరిగినా, హత్యకు ముందరి ఆ నెలలకు పట్టికలో చోటుండదు. ప్రాణం కాపాడటానికి వీలుండేది మాత్రం ఆ నెలల్లోనే.