28 రోజుల పరీక్ష ఒక్కటే చాలదు



ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల నుంచి వెళ్లి సివిల్ ఇంజనీరింగులో పీజీ చదువుతున్న వాళ్లం మేము. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మా పెద్దలు కంకర తట్టలు మోశారు. ఆ కంకర గురించే ఈ నాలుగు మాటలు.

మన మెట్టలో ఏ ప్రభుత్వ కట్టడం లేచినా కాంక్రీటు క్యూబులు పోసి, 28 రోజులయ్యాక మిషన్‌లో నొక్కి చూస్తారు. బలం సరిపోతే బిల్లు పాసవుతుంది. అది అవసరమే. కానీ ఇరవై ఏళ్లకు బయటపడే జబ్బు అందులో దొరకదు.

సిమెంటులోని క్షారాలు కొన్ని రాళ్లలోని సిలికాతో కలిసి జిగురులా మారతాయి. ఆ జిగురు తేమ పీల్చి ఉబ్బుతుంది. కాంక్రీటు లోపలి నుంచే చీలి, ఎండిన చెరువులా నెర్రెలు వేస్తుంది. 1940లో అమెరికాలో థామస్ స్టాంటన్ దీన్ని తేల్చి చెప్పాడు. మన దేశంలో రిహాండ్, హిరాకుడ్ డ్యాములకు ఈ బాధ తప్పలేదు. 2021 నవంబరు వరదకు సోమశిల డ్యాము దిగువ ఆప్రాన్ దెబ్బతింటే అందరికీ కనబడింది. అది నీటి కోత. ఈ ఉబ్బు అలా ఒక్క రాత్రిలో కనబడేది కాదు. (హాస్టల్ బాత్‌రూం స్లాబు పెచ్చులూడితే ఇదేననుకోకండి. అది చాలావరకు కమ్మి తుప్పు!)

వెలికొండల వైపు క్వార్ట్‌జైటు రాయి ఉంది. భూమి ఒత్తిడికి నలిగిన క్వార్ట్‌జు మెల్లగా ఈ చర్యకు లోనవుతుంది. మన రాయి చెడ్డదని మేము అనడం లేదు. చూడకుండా మంచిదనీ అనలేం. రాయిని నలిపి, సిమెంటుతో సన్నని కడ్డీలు పోసి, 80 డిగ్రీల క్షార ద్రావణంలో 14 రోజులు ఉంచి పొడవు కొలుస్తారు. 0.10 శాతం లోపు పెరిగితే సాధారణంగా భయం లేదు, 0.20 దాటితే అనుమానించాలి. మొండి క్వార్ట్‌జు దీన్ని కూడా తప్పించుకోవచ్చు. అందుకే 38 డిగ్రీల తేమలో ఏడాది ఉంచే కాంక్రీటు దిమ్మెల పరీక్ష మీదే మాకు గురి. అక్కడ హద్దు 0.04 శాతం.

ఏడాది ఎవరాగుతారని అడుగుతారు. ప్రతి కట్టడానికీ అక్కర్లేదు, క్వారీకి ఒకసారి ముందే చేయిస్తే చాలు. రాయి అనుమానమైతే తగినంత ఫ్లైయాష్ కలిపే దారి ఉండనే ఉంది. 1963 నాటి ఐఎస్ 2386 ఏడో భాగంలోనే ఇలాంటి పరీక్షలు చెప్పారు. కొత్త సంగతేమీ కాదు.

ఎప్పుడూ తడిసేవి నీళ్ల ట్యాంకులు, వంతెనలు, చెక్‌డ్యాములు. ఉదయగిరి వైపు బోర్లలో ఫ్లోరైడు ఉన్న ఊళ్లున్నాయి. అక్కడ ట్యాంకు పాడైతే మన అమ్మలు బిందె పట్టుకుని మళ్లీ ఆ బోరు దగ్గరకే పోవాలి.

సమాచార హక్కు చట్టం 2005లోనే వచ్చింది. మీ ఊళ్లో ట్యాంకు పని మొదలైతే క్యూబు రిపోర్టుతో పాటు కంకర రిపోర్టు కూడా అడగండి. అర్జీ ఎలా రాయాలో తెలియకపోతే చెప్పండి, మేము రాసిపెడతాం.