చాకు రైతు జేబులో ఎందుకు లేదు?

రైతు వద్ద మంచి చాకు ఉండవలెనని అంట్లు కట్టుటను నేర్పు ప్రతి శిక్షణలోను చెప్పుచున్నాము. వినువారు తల ఊపుదురు. తరువాత శృంగవరపుకోట చుట్టుపట్ల ఏ మామిడి తోటకో, జీడి తోటకో పోయి "చాకు ఏదీ?" అని అడిగినచో, "ఇంటికాడ ఎక్కడో ఉంది బాబూ" అను జవాబే తరచుగా వచ్చును. ఇది చూచి రైతుకు శ్రద్ధ లేదనియు, చిన్న వస్తువుకు డబ్బు తీయుటకు చేయి రాదనియు తీర్పు చెప్పు ఉద్యోగులు కలరు. ఈ తీర్పు సరియైనది కాదని నా అభిప్రాయము. అప్పు చేసియైనను మోటారు కొను రైతు చాకు కొనుటకు వెనుదీయుచున్నాడన్నచో, లోపము అతనిలో లేదు. అంగడిలో అతనికి చూపుచున్న చాకులో ఉన్నది.

చాకుతో పని లేదనుటకు వీలులేదు. ఎరువు బస్తా కుట్టు విప్పుట, పురికొస తెంపుట, డ్రిప్పు గొట్టము కోయుట నిత్యము ఉండు పనులే. వరిలో మొవ్వు చచ్చిన పిలకను చీల్చి చూచిన గాని కాండము తొలుచు పురుగు ఉన్నదో లేదో తెలియదు. చెరకు గడను నిలువున చీల్చిన గాని లోపలి ఎర్రకుళ్ళు కనబడదు. చీల్చి చూడక కొట్టిన మందు చీకటిలో విసరిన రాయి వంటిది. మామిడికాయను కొంత తొడిమతో కోయనిచో సొన కారి తోలు మాడి, కాయ ధర పడిపోవును.

చాకు లేనివారు ఈ పనులు మానుకొనుట లేదు. పంటితో కొరుకుదురు, కొడవలి మొనతో గీకుదురు, లేదా గడ్డము గీచు బ్లేడును రెండుగా విరిచి వాడుదురు. అంటు అతుకుటకు వేరుమొక్క బెరడు క్రింది పచ్చని పొరయు, అంటుపుల్ల బెరడు క్రింది పొరయు ఒకదానినొకటి తాకవలెను. కొడవలి మొనతో కోసినచో బెరడు చిట్లి, కోత గతుకులై, ఆ పొరలు కలియవు. నెల రోజులకు పుల్ల ఎండును. బ్లేడు ముక్క వ్రేళ్ళను తెగకోయుటయే గాక, గడ్డిలో పడి మేతతో పశువు పొట్టలోనికి పోగలదు. మేకులు, తీగముక్కలు ఇట్లే పొట్టను చీల్చి గుండె పొర వరకు పోయి పాడిపశువులను చంపుట పశువైద్యులెరిగిన సంగతియే.

ఇంత అవసరమున్నను చాకు కొననీయని లోపములేవో చూతము.

మొదటిది, తెరుచుట. మడత చాకుకు గోటితో లాగు చిన్న గాడి ఉండును. మట్టి పని చేయు వారికి గోళ్ళు అరిగి ఉండును. స్ప్రింగు బిగువుగా నుండుటచే ఆ గాడిని పట్టి లాగుటకు రెండు చేతులును, పొడి వ్రేళ్ళును కావలెను. ఒక చేత కొమ్మ పట్టుకొని, రెండవ చేయి బురదతో నుండు మనిషికి ఆ చాకు ఎందులకు?

రెండవది, మూసుకొనుట. గడియ లేని చాకు, నొక్కి కోయునపుడు వెనుకకు మడిగి వ్రేళ్ళపై పడును. ఒక్కసారి ఇట్లు జరిగిన ఇంట మరల చాకు కొనరు. గడియ యున్నను అది పలుచని రేకైనచో, దానిలో మట్టియు, పనస జిగురును చేరి పట్టు తప్పును.

మూడవది, ఉక్కు. మెరుపు చూచి కొన్న చాకు వారము నాటికే మొద్దుబారును. తుప్పు పట్టని ఉక్కులో నూటికి పదిన్నర పాళ్ళకు తక్కువ గాకుండ క్రోమియము ఉండును. అది తుప్పును ఆపును గాని, పదును నిలుచుటకు కర్బనపు పాలు, సరిగా కాల్చి చల్లార్చుటయు ముఖ్యము. చౌక చాకులలో ఈ శ్రద్ధ కానరాదు. ఇక రంపపు పళ్ళు గల వాదరను ఇంటి సానరాతిపై నూరుటకు వీలే లేదు. తాను నూరుకొనలేని పనిముట్టు రైతుకు తనది కాదు.

నాలుగవది, అధిక ప్రసంగము. ఒకే పిడిలో కత్తెర, సీసా మూత తీయునది, పండ్లు కుట్టుకొను పుల్ల మొదలగు పదింటిని చేర్చిన చాకులు బజారులో కలవు. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1891లో సైనికులకు అందించిన చాకు ఈ జాతికి పెద్ద. సైనికునకు అది తగును. తోటలో ఆ సందులన్నిటను సొన చేరి బిగుసుకొనును, కడుగుటకు వీలుపడదు. చెరకు పిలక తోటలలో గిడసబారు తెగులు కోత కత్తుల ద్వారా వ్యాపించునని తెలిసినదే. కడుగుటకు వీలుకాని కత్తి తోటకు పనికిరాదు.

ఐదవది, మోయుట. చాకు చేయువారు ప్యాంటు జేబునే దృష్టియందుంచుకొందురు. పంచె కట్టిన రైతు చాకును చొక్కా జేబులో వేసి వంగినచో అది మడిలో పడును. స్త్రీలు రొంటిని దోపుకొనవలెను. అంత బరువు అక్కడ నిలువదు. త్రాడు కట్టుటకు పిడి చివర ఒక కన్నమున్నచో ఈ బాధ తీరును. ఆ కన్నము కూడ పెట్టరు.

ఆరవది, రూపము. బొత్తాము నొక్కగానే లేచు పొడవైన చాకును రాంపురి అని సినిమాలలో దుర్మార్గుల చేత చూపి చూపి, చాకు అనిన రౌడీ గుర్తుకు వచ్చునట్లు చేసిరి. పోలీసు వారు పట్టుకొందురేమో అను భయము కలదు. 1959 నాటి ఆయుధముల చట్టము గృహ, వ్యవసాయ అవసరములకే తయారైన వస్తువులను ఆయుధములుగా లెక్కించుట లేదు. కావున మూడంగుళముల తోట చాకును చూచి జంకనక్కరలేదు. అయినను జాతరకు పోవునపుడు దానిని ఇంట ఉంచి పోవుటయే మర్యాద.

కత్తిని విడువక వెంట నుంచుకొను వారు మన మధ్యనే కలరు. తాటిచెట్టు గీయువారి కత్తిని చూడుడు, కొండల నుండి సంతకు దిగు గిరిజన సోదరుల కత్తిని చూడుడు. ఒకే వాదర, గట్టి పిడి, నడుమున కట్టుకొనుటకు వీలు, అలంకారము లేదు. దానిని వారే నూరుకొందురు. ఫ్రాన్సులోని సవోయ్ కొండసీమలో జోసెఫ్ ఓపినెల్ 1890లో చేసిన చాకును కూడ ముందుగా రైతులే ఆదరించిరి. అది ఒకే అలుగు, ఒక చెక్క పిడి. 1955లో దానికి మెడపై త్రిప్పు ఉంగరమును గడియగా చేర్చిరి. వ్రేళ్ళపై మూతపడు లోపము తీరినది. చెక్క పిడి తడికి ఉబ్బి అలుగు బిగియుట దాని దోషము. మన వానాకాలమునకు దానిని యథాతథముగా తెచ్చుట కంటె, ఆ ఆలోచనను తెచ్చుకొనుట మేలు.

ఉక్కు పని మనకు కొత్త కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రపు ఉక్కు కొరకు ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చెడివారు. నేటికిని లారీ కమాను పట్టీ ముక్కతో కమ్మరి చేయు కత్తి బజారులోని మెరుపు చాకు కంటె పదును నిలుపుకొనును. తుడిచి, చుక్క నూనె రాచినచో తుప్పు బాధ ఉండదు. పనస కోయుటకు నూనె రాచు అలవాటు మనకు ఎట్లును కలదు.

కావున రైతు సోదరులకు నా మనవి: చాకు కొనునపుడు మెరుపు చూడకుడు. చేయి తడిపి తెరచి చూడుడు. తెరచిన పిదప వీపును బల్లకు నొక్కి, మడుగునేమో చూడుడు. పెన్సిలు లావు పచ్చిపుల్లను ఏటవాలుగా ఒక్క ఊపున కోయుడు. కోత నునుపుగా నుండి బెరడు చిట్లకున్న అది మీ చాకు. దుకాణదారు ఒప్పుకొననిచో వేరొక అంగడికి పొండు. చేయి తెగినచో ధనుర్వాతపు సూది మరువకుడు.

పనిముట్లను ఎంపిక చేయు అధికారులకును ఒక మాట. ధర పట్టికలో అన్నిటికంటె క్రింది అంకెను చూచి చాకులు కొని పంచినచో, అవి ఇంటి మూలకు చేరును. మరుసటి ఏడు రైతుకు శ్రద్ధ లేదని మనమే వ్రాయుదుము. ఆర్డరు ఇచ్చుటకు ముందు నమూనా చాకును ఒక అంటు కట్టువానికిని, ఒక స్త్రీ కూలీకిని ఇచ్చి వారము రోజులు వాడనిండు. వారు తిరిగి ఇచ్చివేసిన చాకును కొనకుడు. తిరిగి ఇచ్చుటకు ఇష్టపడని చాకునే కొనుడు.