గిల్మోర్ లేడని ఇప్పుడు తెలిసిందా?

2022లో రోజర్ వాటర్స్ కచేరీ మొదలయ్యే ముందు హాల్లో ఒక ప్రకటన వినిపించేది. ముందు సెల్‌ఫోన్లు ఆపేయమని చెప్పేవారు. తర్వాత, పింక్ ఫ్లాయిడ్ అంటే ప్రాణం గానీ రోజర్ రాజకీయాలు గిట్టవు అనే బాపతు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి బార్‌కి దయచేయండి అనేవారు. 'దయచేయండి' అన్న మర్యాద నేను తగిలించింది. అసలు మాట పేపర్లో అచ్చు వెయ్యలేం.

షికాగోలో ఆ షో చూసొచ్చిన మా మేనల్లుడు మర్నాడు ఫోన్ చేశాడు. వాడి బాధ రాజకీయాల గురించి కాదు. "మావయ్యా, పాట వచ్చింది గానీ గిటార్ రాలేదు" అన్నాడు. 'కంఫర్టబ్లీ నంబ్' పాటతోనే కచేరీ మొదలెట్టాడట. హాలంతా చీకటి. స్టేజీకి అడ్డంగా పెద్ద పెద్ద తెరలు, వాటి మీద పాడుబడ్డ నగరం, తలలు వంచుకుని నడిచిపోతున్న జనం. పాట శ్రుతి దించి, నడక తగ్గించి పాడుతున్నారు. లోకమంతా ఎదురుచూసే ఆ గిటార్ సోలో రావాల్సిన చోట గిటార్ లేదు. ఒక అమ్మాయి గొంతు, మాటల్లేని ఆలాపన. వాడి ముందు వరసలో ఒకాయన రెండు చేతులూ బార్లా చాపి, ఇదేం ఖర్మ అన్నట్టు పక్కవాళ్ల వైపు తిరిగాడట. ఆయన పక్కనున్నావిడ కళ్లు తుడుచుకుంటోందట. ఒకే టికెట్టు ధర, పక్కపక్క కుర్చీలు.

నేను రాజమండ్రిలో చాలాకాలం పెళ్లిళ్లకీ, నవరాత్రి పందిళ్లకీ మైకు సెట్టు పెట్టినవాణ్ణి. ఆర్కెస్ట్రాల పక్కన మిక్సర్ దగ్గర కూర్చుని జుట్టు నెరిసింది. ఇంగ్లిష్ పాటల గురించి నాకు తెలిసిందంతా చెవితో తెలిసిందే. ఆ చెవితోనే చెబుతున్నాను: ఆ గిటార్ తీసేసి వాటర్స్ మంచి పనే చేశాడు.

ఆ గిటార్ డేవిడ్ గిల్మోర్‌ది. పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్‌లో వాటర్స్ పాడేవాడు, బేస్ వాయించేవాడు, 1973 నుంచి మాటలన్నీ దాదాపు అతనే రాసేవాడు. కానీ జనం ఈల వేసుకుంటూ ఇంటికి పట్టుకుపోయేది ఎక్కువగా గిల్మోర్ గొంతునీ, గిల్మోర్ తీగనీ. 'కంఫర్టబ్లీ నంబ్' వరస గిల్మోర్ ముందే కట్టుకుని తెచ్చుకున్నది, మాటలు వాటర్స్‌వి. 1979లో 'ద వాల్' రికార్డు చేస్తున్నప్పుడు ఈ పాట ఎలా ఉండాలన్న దాని మీదే ఇద్దరూ కొట్టుకున్నంత పని చేశారు. చివరికి ఇతని మాట కొంత, అతని మాట కొంత కలిపి అతుకు వేశారు. 1980లో స్టేజీ మీద ఆ పాటకి వాటర్స్ అక్కడ కట్టిన గోడ కింద నిలబడి డాక్టర్ చరణాలు పాడేవాడు. గోడ పైన, వెనక నుంచి లైట్లు కొడుతుండగా, గిల్మోర్ లేచేవాడు. పాటలో ఉన్నది ఇద్దరు మనుషులు, డాక్టరూ రోగీ. నిలబడింది కూడా ఇద్దరే, ఒకడు కింద, ఒకడు పైన.

1985లో వాటర్స్ బ్యాండ్ నుంచి బయటికొచ్చేశాడు. తను లేకుండా పింక్ ఫ్లాయిడ్ అన్న పేరు వాడకూడదని కోర్టుకెక్కాడు. 1987లో మిగిలినవాళ్లు ఆ పేరుతోనే టూర్ వెళ్తే స్టేడియాలు నిండాయి. అదే ఏడాది సొంత పేరుతో తిరిగిన వాటర్స్‌కి అంతకంటే చిన్న హాళ్లే దక్కాయి. కచేరీల్లో గాలి నింపి ఎగరేసే పంది బొమ్మ ఎవరిదన్న పేచీ కూడా వచ్చింది. వాటర్స్ డిజైన్ అంటే డబ్బు కట్టాలని, అవతలివాళ్లు దాన్ని మగపందిగా మార్చి ఎగరేశారని చెప్పుకుంటారు. కొత్త పందికి ఏం తగిలించారో పాఠకులే ఊహించుకోవాలి. ఆ ఏడాది డిసెంబర్‌లో గిల్మోర్ పడవలో కూర్చుని రాజీ కాగితాల మీద సంతకాలు చేసుకున్నారు.

తర్వాత చాలా ఏళ్లు వాటర్స్ చేసిన పనే నాకు నచ్చనిది. గిల్మోర్ గిటార్‌కి ఒకణ్ణి, గిల్మోర్ గొంతుకి ఇంకొకణ్ణి పెట్టుకుని ఊరూరా తిరిగాడు. 2002లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు నేనూ వెళ్లాను. స్టేజీ మీద గిటార్ పట్టుకున్నవాళ్లలో స్నోయీ వైట్ ఒకడు. 1977లో పింక్ ఫ్లాయిడ్‌తోనే టూర్ చేసిన మనిషి, ఊరికే దొరికినవాడు కాదు. ఆ సోలో ఎత్తుకోగానే గ్రౌండ్‌లో చేతులన్నీ పైకి లేచాయి. నా పక్కనున్న కుర్రాడు గొంతు చించుకుని "గిల్మోర్! గిల్మోర్!" అని అరిచాడు. గిల్మోర్ ఆ రాత్రి ఈ దేశంలోనే లేడు. ఎంతో సాధన చేసి వాయిస్తున్న మనిషికి ఆ పొగడ్త ఎలా వినిపించి ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. దాని తర్వాత వాటర్స్ ఒక కొత్త పాట పాడాడు. అది మొదలవగానే జనం సమోసాల వైపు నడిచారు. అతని సొంత పాట అదీ! ఎవరూ కోపగించుకోలేదు, ఎవరూ వినలేదు.

మా ఆర్కెస్ట్రాల్లో ఇది రోజూ జరిగేదే. ఫ్లూట్ ఆర్టిస్టు రాకపోతే కీబోర్డులో ఫ్లూట్ టోన్ పెట్టి లాగించేస్తాం. ఘంటసాల వాయిస్‌కి ఒకాయన, బాలు వాయిస్‌కి ఒకాయన ఉంటారు. నల్లకోటు వేసుకుని, పాటల పుస్తకం స్టాండు మీద పెట్టుకుని ఘంటసాల వాయిస్ ఆయన నిలబడగానే కింద నుంచి చీటీలు వస్తాయి. 'శివశంకరీ' అని రాసిన చీటీ లేని రాత్రి నాకు గుర్తు లేదు. ఆయన పాడతాడు, జనం చప్పట్లు కొడతారు, "అచ్చం ఘంటసాలే" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన మైకు కింద పెట్టి మంచినీళ్లు తాగేవాడు. తన గొంతు ఎలా ఉంటుందో ఆ పందిట్లో ఎవరికీ తెలియదు. ఒక్కసారి, సౌండ్ చెక్‌లో, జనం రాకముందు, తనకి తోచినట్టు ఒక పల్లవి పాడుకున్నాడు. ఎంత బాగుందంటే ఫేడర్ మీద చెయ్యి పెట్టి కూడా తగ్గించబుద్ధి కాలేదు.

అచ్చం అలాగే ఉంది అనిపించుకోవడం పొట్టకూటికి పనికొస్తుంది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ వాటర్స్‌కి పొట్టకూటి బాధ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, బ్యాండ్ నుంచి బయటికొచ్చినవాడి కచేరీలో బ్యాండ్ లేదన్న సంగతి వినపడాలి. ఆ ఖాళీకి రంగు పూసి అమ్మినన్నాళ్లూ అభిమానులు ఆనందంగా ఉన్నారు. రంగు తీసేసరికి మోసం అన్నారు. నాకైతే మోసం ముందు జరిగింది అనిపిస్తుంది. డెబ్భై ఎనిమిదేళ్ల వయసులో ఇదీ నా గొంతు, ఇదీ నా వెలితి అని అతను నిలబడ్డాడు. ఆ ఆలాపన బాగుందా అంటే, వీడియోలో విన్నాను, పాట సగం చచ్చినట్టే ఉంది. ఆ పాటే మొద్దుబారిపోయిన మనిషి గురించి కదా, ఈ పద్ధతి దానికి సరిపోయింది. అసలు దానిలాగా మళ్లీ మళ్లీ వినాలనిపించదు. అది వేరే సంగతి.

ఇక రాజకీయాలు గిట్టనివాళ్ల సంగతి. వాళ్లలో రెండు రకాలున్నారు, ఇద్దరినీ ఒకే బార్‌కి పంపడం వాటర్స్ చేసిన పొరపాటు. పాటలు పాడుకోక ఈయనకెందుకు యుద్ధాల గోల అనేవాళ్లు ఒక రకం. 1944లో ఆన్‌జియో యుద్ధంలో తండ్రి చనిపోయేనాటికి వాటర్స్ నెలల బిడ్డ. 'ద వాల్' నిండా ఆ తండ్రే. 1983 నాటి 'ద ఫైనల్ కట్' రికార్డు ఫాక్‌లాండ్స్ యుద్ధం మీద కోపంతో పుట్టింది. నలభై ఏళ్లు ఇవన్నీ విని ఇప్పుడు కొత్తగా రాజకీయం కనిపెట్టినవాళ్లతో వాదించి లాభం లేదు. రెండో రకం వేరు. పాలస్తీనా గురించి అతను మాట్లాడితే ఔననుకున్నవాళ్లే, 2023 ఫిబ్రవరిలో రష్యా పిలిస్తే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో వీడియో ద్వారా ఉక్రెయిన్ గురించి మాట్లాడినప్పుడు టికెట్లు వాపసు ఇచ్చేద్దామనుకున్నారు. వీళ్లు పాటలు బాగా విన్నవాళ్లు, విన్నారు కాబట్టే నొచ్చుకున్నారు. వీళ్లని బూతు మాటతో బయటికి పొమ్మనడం గొప్ప ధైర్యమేమీ కాదు. అలాగని ఫ్రాంక్‌ఫర్ట్‌లో చేసినట్టు ప్రభుత్వమే కచేరీ రద్దు చెయ్యబోవడం కూడా పద్ధతి కాదు. అక్కడ కోర్టు అడ్డుపడి జరగనిచ్చింది. నచ్చకపోతే వెళ్లకుండా ఉండే హక్కు శ్రోతది, దాన్ని నగరపాలక సంస్థ చేతిలో పెట్టనక్కర్లేదు.

అభిమానుల పక్షాన నేను నిలబడే చోటు ఒకటుంది. 2023 అక్టోబర్‌లో లండన్ పల్లాడియంలో, పాత 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'ని తిరగరాసిన రికార్డు వినిపిస్తానని జనాన్ని పిలిచి, ముందు రాసుకుంటున్న ఆత్మకథ కాగితాలు చదువుతూ కూర్చున్నాడు. మధ్యలో తన పెంపుడు బాతు కథ. జనం విసిగి కేకలేశారు. అది వాళ్ల తప్పు కాదు. పాట తీరు మార్చుకునే హక్కు పాటగాడికి ఉంది, పాట వింటానని డబ్బు కట్టినవాడికి ముందుగా బాతు కథ వినిపిస్తే వాడు కేకెయ్యడం న్యాయమే.

మనకీ ఈ గొడవ తెలియంది కాదు. బాలు కుర్రవాడిగా మద్రాసులో నడిపిన ట్రూపులో ఇళయరాజా వాయించేవాడు, ఆయన అన్నదమ్ములు కూడా ఉండేవారు. అదీ ఒక బ్యాండే. 2017 మార్చిలో బాలు అమెరికా టూర్‌లో ఉండగా, అనుమతి లేకుండా తన పాటలు పాడకూడదని రాజా నోటీసు పంపాడు. బాలు ఆ పాటలు పక్కన పెట్టి వేరే సంగీత దర్శకుల పాటలతో కచేరీలు సాగించాడు. ఇక్కడ మా టీ కొట్టు దగ్గర రెండు పార్టీలయ్యాయి. వరస కట్టింది ఆయన కాబట్టి పాట ఆయనది అని ఒకరు, గొంతు లేకపోతే ఆ వరసని ఎవరు మోస్తారు అని ఒకరు. ఆ వాదన ఎవరూ గెలవలేదు. 2019లో వాళ్లిద్దరూ చెన్నైలో మళ్లీ ఒకే స్టేజీ ఎక్కారు కాబట్టి వాదించేవాళ్లకి పని లేకుండా పోయింది. వాటర్స్ విషయంలో కూడా 2011 మేలో లండన్‌లో ఒక్క రాత్రి గిల్మోర్ వచ్చి గోడ పైన నిలబడి వాయించాడు. వాటర్స్ అంతకు ముందు ఏడాది ఒక ధర్మ కార్యానికి పాడినందుకు బదులుగా కుదిరిన ఏర్పాటు అది. ఏ రాత్రి వస్తాడో ముందు చెప్పలేదు. ఆ రాత్రి హాల్లో ఉన్నవాళ్ల మొహాలు వీడియోలో చూస్తే, మిగతా రాత్రులన్నీ వాళ్లకి ఏం దొరికిందో తెలుస్తుంది.

మా మేనల్లుడికి ఒక మాట చెప్పాను. గిల్మోర్ సొంత కచేరీల్లోనూ 'కంఫర్టబ్లీ నంబ్' పాడతాడు. 2016లో పాంపేలో పాడినప్పుడు వాటర్స్ పాడాల్సిన డాక్టర్ చరణాలు చక్ లెవెల్ అనే పియానో ఆయన పాడాడు. మంచి సంగీతకారుడే, కానీ ఆ గొంతులో రోగిని భయపెట్టే చల్లదనం లేదు. ఆ వీడియో కింద జనం గిటార్ గురించి పేజీలు పేజీలు రాశారు. డాక్టర్ రాలేదని ఒక్కడూ అడగలేదేంట్రా అన్నాను. వాడు కాసేపు ఆగి, "అక్కడ గిటార్ ఉంది కదా మావయ్యా" అన్నాడు.