టూర్లు, పరీక్షల పేరిట వసూళ్లు.. చట్టం ఏం చెబుతోంది?

ఫీజు కట్టాక కూడా టూర్ అని, యాన్యువల్ డే అని, పరీక్షలని కొన్ని ప్రైవేటు స్కూళ్లు మళ్లీ డబ్బులు అడుగుతున్నాయి. విద్యాహక్కు చట్టం-2009 ప్రకారం, అడ్మిషన్ సమయంలో స్కూలు ప్రకటించిన ఫీజుకు మించి ఏ పేరుతో తీసుకున్నా అది క్యాపిటేషన్ ఫీజే. జరిమానా పది రెట్ల దాకా ఉంటుంది. కానీ ఏడాది మధ్యలో అడిగే డబ్బుల గురించి ఆ సెక్షన్ నేరుగా చెప్పదు. చాలామంది తల్లిదండ్రులు ఇబ్బంది పడేది ఇక్కడే.

ముస్లిం కుటుంబాలు గమనించాల్సింది మరొకటుంది. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో మైనారిటీ స్కూళ్లకు ఈ చట్టం వర్తించడం లేదు. మనవాళ్ల స్కూలే కదా అని నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. టూర్, పరీక్షల ఖర్చు ఎంతో, అది తప్పనిసరో కాదో అడ్మిషన్ రోజే రాతపూర్వకంగా తీసుకోవాలి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగాలి.